మన బడి మిలిటరీ సారు

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని కమిటీ వాళ్లు అడిగినప్పుడు, అటెండర్ గురించి రాస్తానని చెప్పాను. హెడ్మాస్టర్ల గురించి, లెక్కల సారు గురించి, తెలుగు టీచర్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రాయాలి కూడా. కానీ 1980 నుంచి ఇరవై ఏళ్లకు పైగా మన బడిలో గంట కొట్టిన మనిషి గురించి ఎవరూ రాయకపోతే ఈ పుస్తకానికి అది పెద్ద లోటు. పోయిన చలికాలంలో ఆయన కన్నుమూశారు. ఎనభై దాటాయి. జిల్లా కేంద్రం నుంచి మాజీ సైనికులు వచ్చి పూలదండ వేసి సెల్యూట్ చేశారు. ఆ రోజు అక్కడ నిలబడ్డ మన బడి పిల్లల్లో అందరికీ ఆయన యుద్ధానికి పోయి వచ్చారని తెలుసు. అక్కడ ఏం పని చేశారో మాత్రం చాలామందికి తెలియదు. అది తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

ఊరంతా ఆయన్ని మిలిటరీ సారు అనే పిలిచేది. సార్లు కూడా అట్లాగే పిలిచేవారు. నేనూ ఇక్కడ అదే రాస్తాను.

ఆఫీసు రూము ముందు వేపచెట్టు కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనుప కడ్డీ, ఎడమ చేతికి హెచ్‌ఎంటీ వాచీ. మన బ్యాచుల వాళ్లందరికీ ఆయన గుర్తొచ్చేది ఇట్లాగే. ఆ ఎడమ చేతికి చిటికెన వేలు, దాని పక్క వేలు సగం వరకే ఉండేవి. తుపాకీ గుండు తగిలి పోయాయని మగపిల్లలు కథలు చెప్పుకునేవారు. ఒకడైతే శత్రువు కత్తిని చేత్తో పట్టుకున్నాడని చెప్పేవాడు. ఆయన విని ఊరుకునేవారు. అసలు సంగతి వేరే ఉంది, తర్వాత చెబుతాను.

ఆయన పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "పోలీస్ యాక్షన్ నాటికి నాకు అయిదేండ్లు ఉంటయి బిడ్డా" అనేవారు. హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చిన ఆ పోలీస్ యాక్షన్ 1948లో, ఆ లెక్కన పుట్టింది 1943 ప్రాంతం. మన ఊరికి అప్పట్లో కాలువ లేదు. జొన్న, సజ్జ, ఆముదం తప్ప వేరే పంట లేదు. వానలు పడకపోతే అవీ లేవు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది డ్యాం పనికి వెళ్లారు. రాళ్లతో కట్టిన డ్యాం అది. మిలిటరీ సారు కూడా మీసాలు రాకముందే అక్కడ రాయి మోశారు, తర్వాత రాయి కొట్టడం నేర్చుకున్నారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. అది అయిపోయాక సైన్యంలోకి జోరుగా మనుషుల్ని తీసుకుంటుంటే పేరు ఇచ్చారు. రాతి పని తెలుసు అన్నందుకు మద్రాస్ సాపర్స్‌లో వేశారు. అది సైన్యంలోని ఇంజనీర్ల దళం, దాని కేంద్రం బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గర. వంతెనలు వేయడం, రోడ్లు వేయడం, మందుపాతరలు పెట్టడం, తీయడం వాళ్ల పని. దక్షిణాది వాళ్లే ఎక్కువ కాబట్టి ఉత్తరాది సైనికులు వీళ్లను "తంబీలు" అని పిలుస్తారట. డ్యాం మీద రాయి మోసిన పిల్లగాడు అట్లా తంబీ అయ్యాడు.

1965 యుద్ధం నాటికి ఆయన ఇంకా కొత్త. వెనక ఉండి రోడ్లు బాగుచేసే పనిలో పెట్టారు. దాని గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. లాల్ బహదూర్ శాస్త్రి గారి మాట వస్తే మాత్రం ఆగేవారు కాదు. మన ఊరి పొలాలకు నీళ్లిచ్చే ఎడమ కాలువకు ఆయన పేరే పెట్టారు కదా. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలినప్పుడు మిలిటరీ సారు ఊళ్లో లేరు. ఆ తర్వాత ఎప్పుడో సెలవు మీద వచ్చి, తను జొన్నచేనుగా వదిలిపోయిన చోట వరి నాటు చూసి, దారి తప్పానేమో అనుకున్నారట. "నేను ఎవరి కింద కొట్లాడిన్నో ఆయన పేరు మీదున్న నీళ్లు నా పొలంలకు వచ్చినయి" అని ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది.

ఇక అసలు విషయం. అది నాకు ఎట్లా తెలిసిందంటే ఒక బంగారు కమ్మ వల్ల.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా ఖోఖో ఆడుతుంటే నా పక్కన కూర్చునే అమ్మాయి కమ్మ ఊడిపోయింది. వాళ్లమ్మ పుస్తెలు కుదువబెట్టి మరీ చేయించిన కమ్మలు. ఆ పిల్ల ఏడుపు ఎత్తుకుంది. మేమంతా కోర్టులోకి పడి కాళ్లతో మట్టి తిరగేయడం మొదలుపెట్టాం. మిలిటరీ సారు వరండాలోంచి ఒక్క కేక వేశారు. "ఎవ్వరు కదలకుర్రి! ఎక్కడోళ్లు అక్కడ్నే నిలబడుర్రి!" ఆ కేకకు మగపిల్లల ఆట కూడా ఆగిపోయింది.

ఆయన వచ్చి, ఒక్కొక్కరినీ వచ్చిన అడుగుల మీదే వెనక్కి నడిపించి బయటికి తీశారు. ఆ పిల్ల ఎక్కడ కూర్చుంది, ఎటు ఉరికింది, ఎక్కడ పడింది అని అడిగి తెలుసుకున్నారు. నాలుగు కొయ్యలు పాతి సుతిలి తాడు కట్టారు. లోపల మళ్లీ తాళ్లు కట్టి, మూరెడు వెడల్పున పట్టీలు చేశారు. మమ్మల్ని ఒక్కో పట్టీకి ఒకరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వేలి కొసలతో మట్టిని తడమమన్నారు. "గీకకు. నెట్టకు. తాకి చూడు. ఏందన్న తాకితే ఆగు, ఊదు, చూడు." చూసిన మేరకు వెనక సున్నం గీత వేసుకుంటూ ముందుకు జరగాలి. కోర్టు గీతలకు వాడే సున్నమే.

కమ్మ దొరికింది. సగం కూడా కాకముందే దొరికింది. మేమంతా అరుచుకుంటూ లేవబోయాం. "కూసోండ్రి" అన్నారు. "దాని మర దొరికిందా? మిగిలిన జాగ ఎవరు చూస్తరు?" అంతటితో ఆగక చివరి పట్టీ చివరిదాకా మాతో తడిమించారు. కమ్మ వెనక బిగించే మర, మెంతి గింజంత ఉంటుందేమో, అది కోర్టు చివర గీత దగ్గర దొరికింది.

ఆ సాయంత్రం మేం కొందరం వరండాలో ఆయన చుట్టూ చేరి, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాం. అప్పుడు చెప్పారు. ఒక్కసారిగా చెప్పలేదు. ఆ ఏడూ తర్వాతి ఏడూ కొంచెం కొంచెంగా చెప్పారు. కొంత నేను పెద్దయ్యాక, ఆయన ముసలితనంలో విన్నాను.

1971 అనగానే మనకు ఢాకా గుర్తొస్తుంది. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ముగియడం, పాకిస్తాన్ జనరల్ నియాజీ వచ్చి మన జనరల్ అరోరా ముందు సంతకం పెట్టడం, 93 వేలమంది లొంగిపోవడం, ఇదంతా సాంఘిక శాస్త్రంలో చదివాం. మిలిటరీ సారు ఉన్నది దేశానికి ఆ కొసన, పడమటి వైపు. షకర్‌గఢ్ అనే ప్రాంతం మన వైపు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. అక్కడి నుంచి పాకిస్తాన్ సైన్యం పఠాన్‌కోట్-జమ్ము రోడ్డును తెంపితే జమ్ము కాశ్మీర్‌కు దారి పోతుంది. అందుకే మన సైన్యం ముందుగానే ఆ ప్రాంతంలోకి చొచ్చుకుపోయింది. అడ్డంగా బసంతర్ నది. దానికి ఇటూ అటూ నేలంతా పాతిపెట్టిన మందుపాతరలు. ట్యాంకులు దాటాలంటే ముందు సాపర్లు పోయి దారి తీయాలి.

దారి ఎట్లా తీస్తారో ఆయన బడి తోటలో గొడుగు పుల్లతో చూపించారు. నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "డిటెక్టర్ ఉంటది గానీ అది ఇనుమునే పట్టుకుంటది. కర్ర డబ్బల, ప్లాస్టిక్‌ల పెట్టింది దానికి దొరకదు. గందుకే చేతులతోని చూడాలె" అన్నారు. బోర్లా పడుకుని, సన్నని ఊచనో బాయ్‌నెట్‌నో నేలలోకి ఏటవాలుగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన నొక్కినట్టు అవుతుంది, అప్పుడు అంతే. ఏటవాలుగా పోతే దాని పక్కను తాకుతుంది. తాకగానే ఆపి, వేళ్లతో మట్టి తీసి చూడాలి. ట్యాంకుల కోసం పెట్టింది జొన్నరొట్టె పెనమంత ఉంటుంది, మనిషి బరువుకు సాధారణంగా పేలదు. దాన్ని తీసేవాళ్లను చంపడానికి చుట్టూ చిన్నవి పెడతారు. అవి కాలు పడితే చాలు. బెత్తెడు జరిగి మళ్లీ గుచ్చాలి. ఇదంతా చీకట్లో. డిసెంబర్ చలిలో వేళ్లు మొద్దుబారిపోయి ఏం తాకిందో తెలిసేది కాదట. చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లట. పైన ఫిరంగి గుళ్లు పడుతూనే ఉంటాయి. అయినా లేచి ఉరకడానికి లేదు, చూసిన నేల తప్ప వేరే నేల మీద అడుగు పెట్టకూడదు. దారికి రెండు పక్కలా తెల్ల టేపు పరుచుకుంటూ పోవాలి, ఆ టేపు మధ్యలో నుంచే ట్యాంకులు వస్తాయి.

"తుపాకి పేల్చినారా సారూ?" అని మా క్లాసు పిల్లవాడు అడిగాడు. "వీపు మీద ఉండె. తియ్యనీకి చేతులు ఖాళీ ఏడున్నయి" అన్నారు.

డిసెంబర్ 15 రాత్రి దారి పూర్తి కాకముందే అవతల ఒడ్డున మన పదాతి దళం మీద శత్రు ట్యాంకులు వస్తున్నాయని తెలిసింది. పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ఆగలేదు. శుభ్రం చేయని కొంత నేల మిగిలి ఉండగానే దాని మీద నుంచి దూసుకుపోయాయి. మర్నాడు, 16న, ఆ ఒడ్డునే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ కాలుతున్న ట్యాంకు దిగకుండా పోరాడి చనిపోయాడు. 21 ఏళ్లు. పరమవీర చక్ర ఇచ్చారు. మందుపాతరలు తీయించిన ఇంజనీర్ల మేజర్ విజయ్ రతన్ చౌధరి కూడా ఆ పోరులోనే పోయారు, ఆయనకు మహావీర చక్ర. అరుణ్ ఖేత్రపాల్ పేరు కొందరైనా విన్నారు. మేజర్ చౌధరి పేరు మన బడిలో మిలిటరీ సారు నోటి నుంచి తప్ప నేను వేరే ఎవరి దగ్గరా వినలేదు.

ఆ మిగిలిపోయిన కొంత నేల గురించి ఆయన ముసలితనంలో కూడా మాట్లాడేవారు. "ఇంకో గంట టైం దొరికితే అయిపోవు బిడ్డా" అనేవారు. అది తన తప్పు కాదని ఆయనకూ తెలుసు. ట్యాంకులు అటు దాటాయి, యుద్ధం గెలిచాం. అయినా చేతికి ఇచ్చిన పని పూర్తి కాకుండా దాని మీద నుంచి వేరేవాళ్లు ప్రాణాలకు తెగించి పోవాల్సి వచ్చిందనేది ఆయన లోపల అట్లాగే ఉండిపోయింది. మెంతి గింజంత మర కోసం చివరి పట్టీ దాకా మమ్మల్ని ఎందుకు తడిమించారో అది విన్నాక నాకు అర్థమైంది.

వేళ్లు పోయింది యుద్ధంలో కాదు. డిసెంబర్ 17 రాత్రి పడమటి వైపు కాల్పులు ఆగిపోయాయి. అందరికీ యుద్ధం అయిపోయింది. సాపర్లకు కాలేదు. పాతినవన్నీ తీయాలి. వాళ్లు పెట్టినవీ, మనవాళ్లు మన సరిహద్దుకు ఇవతల పెట్టుకున్నవీ. ఆ పొలాల రైతులు మళ్లీ దున్నుకోవాలి కదా. 1972 ఎండాకాలంలో మన వైపు పొలంలో మనవాళ్లు పెట్టిన పాతరనే తీస్తుంటే దాన్ని పేల్చే డిటోనేటర్ చేతిలో పేలింది. పక్కన ఉన్న తమిళ తంబీకి చూపు పోయింది. ఇద్దరినీ ఒకే బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారట. ఆ తమిళ మిత్రుడి నుంచి ప్రతి సంక్రాంతికీ కార్డు వచ్చేది, ఎవరో రాసి పెట్టేవాళ్లు. ఆ కార్డు ఒక ఏడు రాలేదు. ఆ పండక్కి మిలిటరీ సారు ఇంట్లో పిండివంటలు చేయలేదని వాళ్లావిడ చెప్పింది.

తొంభైల్లో మన జిల్లా పేపర్లలో మందుపాతర అన్న మాట తరచుగా కనిపించేది. పోయింది పోలీసులైనా ఎవరైనా, ఆ వార్త ఉన్న పేపరును ఆయన స్టాఫ్ రూములో పెట్టేవారు కాదు. మడిచి బీరువా మీద వేసేవారు. సార్లకు కావాలంటే అడిగి తీసుకోవాల్సిందే. ఆ విషయం మీద ఎవరితోనూ వాదన పెట్టుకునేవారు కాదు. ఇటువైపు అటువైపు అని మాట్లాడిన వాళ్ల దగ్గర్నుంచి లేచి పోయేవారు.

బడిలో ఆయన చేసిన ఇంకో పని గురించి చెప్పకపోతే ఆడపిల్లలం ఒప్పుకోం. అప్పటిదాకా ఆగస్టు 15న పరేడ్ మగపిల్లలదే. మేం రిబ్బన్లు కట్టుకుని పాటలు పాడేవాళ్లం. "వీళ్లకు కాళ్లు లేవా సార్?" అని హెడ్మాస్టర్‌తో మాట్లాడి మాకు కవాతు నేర్పింది ఆయనే. ప్రార్థన సమయంలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు వరండాలో ఒక్కరే అటెన్షన్‌లో నిలబడేవారు. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ పక్కనే ఉన్న అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో చైనా యుద్ధం రోజుల్లో రాశారని మాకు మొదట చెప్పిందీ ఆయనే. పాఠ్యపుస్తకంలో ఆ పేరు ఉండేది కాదు. సైనిక కుటుంబాల కోసం చందాలు పోగుచేసే డిసెంబర్ 7 జెండా దినానికి చిన్న కాగితపు జెండాలు తెచ్చి క్లాసు క్లాసుకూ తిరిగేవారు. డబ్బులు లేని పిల్లల చొక్కాకు కూడా జెండా గుచ్చి, వాళ్ల వంతు తనే డబ్బాలో వేసేవారు.

రిటైరయ్యాక పొలం, మనవలు, సాయంత్రం కాలువ గట్టు మీద నడక. 2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు గారు వీరమరణం పొందారు. ఆయన అంత్యక్రియలు 18వ తేదీన. కరోనా భయం. డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లను ఇంట్లోంచి కదలొద్దంటున్న రోజులు. మిలిటరీ సారు వినలేదు. కొడుకు బండి వెనక కూర్చుని సూర్యాపేట పోయారు. కోటు మీద పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1972లో ఇచ్చిన 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం. దగ్గరికి పోనివ్వరని తెలుసు. రోడ్డు పక్కన నిలబడి, వాహనం దాటేవరకు సెల్యూట్ దించలేదని కొడుకు చెప్పాడు. తిరిగి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. పెద్ద ఆఫీసరు, చిన్న వయసు, ఇద్దరు పసిపిల్లలు. "నా అసొంటి ముసలోన్ని ఉంచి గా పిలగాన్ని తీస్కపోయిండు దేవుడు" అని వాళ్లావిడతో అన్నారట.

ఒకే ర్యాంకులో అంతే కాలం పనిచేసిన మాజీ సైనికులకు, ఎప్పుడు రిటైరైనా సమానంగా పింఛను ఇచ్చే 'ఒకే ర్యాంకు ఒకే పింఛను' ఉత్తర్వు 2015లో వచ్చింది. 2014 జూలై 1 నుంచి లెక్కగట్టి బకాయిలు విడతలుగా ఇచ్చారు. ఆ డబ్బుతో ఆయన చేసింది మన బడిలో చదివే ఆడపిల్లలకు తెలుసు. మరుగుదొడ్లకు తలుపులు, గడియలు, లోపల నల్లాలు. అప్పటికి ఆయన బడి నుంచి రిటైరై చాలా ఏళ్లయింది. పేరు రాయిస్తామని హెడ్మిస్ట్రెస్ అంటే ఒప్పుకోలేదు. నేనిక్కడ రాయడం ఆయనకు నచ్చదేమో. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మనలో చాలామందిమి ఆయన కన్నా ఎన్నో రెట్లు సంపాదిస్తున్నాం, ఆ తలుపులు మనకెవరికీ కనిపించలేదు.

నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి ఆఖరి ఏళ్లలో నవంబర్ నెలలో జీవన ప్రమాణ పత్రం (పింఛను తీసుకునే మనిషి బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు) కోసం నా దగ్గరికి వచ్చేవారు. రెండు వేళ్లు సగానికి లేవు, మిగిలినవాటి ముద్రలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పడక చాలా టెన్షన్ పడేవాళ్లం. తర్వాత కంటి పాపతోనూ ముఖంతోనూ చేసే పద్ధతి వచ్చాక తేలికైంది. ఒకసారి అట్లా వచ్చినప్పుడు ఒక రేకు డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు, పెళ్లి నమోదైన పార్ట్-టూ ఆర్డర్ అనే సైన్యం ఉత్తర్వు నకలు, అన్నీ వరసగా. సైన్యం రికార్డుల్లో వాళ్లావిడ పేరు ఒక తీరుగా ఉంది, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. పుట్టిన తేదీ అసలే లేదు. "నేను పోయినంక ఇది ఈ కాగితాలు పట్టుకొని ఎక్కడ తిరుగుతది బిడ్డా? నేనున్నప్పుడే సాపు చెయ్యి" అన్నారు. బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరాలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి దరఖాస్తులు, అఫిడవిట్లు. చాలా నెలలు పట్టింది. ఒక్కో కాగితం వచ్చినప్పుడల్లా ఆయన పెన్సిల్‌తో జాబితాలో టిక్కు పెట్టుకుని, మిగిలినవి ఏవని అడిగేవారు.

ఆయన పోయాక మరణ ధ్రువీకరణ పత్రం ఒక్కటి జతచేస్తే చాలింది. వాళ్లావిడకు కుటుంబ పింఛను ఎక్కడా ఆగకుండా మొదలైంది.

మన బడికి వచ్చే ఊళ్లలో మాజీ సైనికుల ఇళ్లు, వాళ్లు పోయి ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. భార్య పేరు తేడా, పుట్టిన తేదీ లేకపోవడం, ఉమ్మడి ఖాతా లేకపోవడం, ఈ మూడింటి దగ్గరే వాళ్ల పింఛన్లు ఆగిపోతున్నాయి. పింఛను తీసుకునేవాళ్లకు ఎనభై నిండితే 20 శాతం అదనంగా రావాలి, రికార్డులో వయసు లేకపోతే అదీ రాదు. స్వర్ణోత్సవం రోజు మధ్యాహ్న భోజనం తర్వాత నేనూ, మన బ్యాచ్‌లో రెవెన్యూలో పనిచేసే మిత్రుడూ ఆఫీసు రూము వరండాలో కూర్చుంటాం. మీ ఊళ్లో అట్లాంటి వాళ్లుంటే వెంటబెట్టుకుని రండి. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు, ఇద్దరి ఆధార్ కార్డులు, పాసుబుక్కు తెస్తే చాలు. ఏదైనా లేకపోయినా పర్వాలేదు, ఉన్నవి తీసుకుని రండి, మిగిలినవి ఎట్లా తెప్పించాలో అక్కడే చూద్దాం.